షావుకారు జానకి: భాషల యెల్లలు దాటిన నటి

మన ఆర్.ఎస్. పురములోను మధురలోను స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడుదురు. ఈ రెంటి నడుమ ఏ భాషయు సరిగా పట్టుపడదేమో యని తల్లిదండ్రులు కొందరు శంకించుచుందురు. మాతృభాషతో బయలుదేరి పరభాషలందును పేరు గడించిన ఒక నటీమణి చరిత్రము ఈ శంకకు చక్కని సమాధానము.

శంకరమంచి జానకిగారు 1931 డిసెంబరు 12వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నటి కృష్ణకుమారి వీరి చెల్లెలు. జానకిగారు బాల్యముననే రేడియో నాటకములందు పాల్గొనిరి. రేడియోలో ముఖము కనబడదు. కోపమును, దుఃఖమును, పాత్ర వయస్సును సైతము కంఠమే తెలుపవలెను. ఒక ఒత్తు జారినను, ఒక దీర్ఘము కురుచయైనను వినువారికి రసభంగమగును. ఆ కంఠమును విని దర్శకులు బి.ఎన్. రెడ్డిగారు చిత్రరంగమునకు ఆహ్వానింపగా, పెద్దలు సమ్మతింపలేదు. వివాహమై బిడ్డ తల్లియైన పిమ్మట, సంసారభారము మోయుటకై వారే అవకాశము వెదకుకొనిరి. 1950లో విజయావారి తొలి చిత్రమైన 'షావుకారు'లో, ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వమున, ఎన్.టి. రామారావుగారి సరసన సుబ్బులు పాత్రను ధరించిరి. నాటినుండి ఆ చిత్రము పేరే వారికి ఇంటిపేరైనది.

ఆ కాలమున దక్షిణదేశపు స్టూడియోలలో భాషాభేదము అంతగా లేదు. మన కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియోవారే 1954లో తమిళమున 'మలైక్కళ్ళన్', తెలుగున 'అగ్గిరాముడు' నిర్మించిరి. జానకిగారును 1952లో సేలము మోడరన్ థియేటర్స్ వారి 'వళైయాపతి'తో తమిళమునను, 1954లో 'దేవకన్నిక'తో కన్నడమునను ప్రవేశించిరి.

సినిమాలతో తృప్తిపడక వారు కె. బాలచందర్ గారి తమిళ నాటకములందును నటించిరి. వారి రంగస్థల ప్రదర్శనలు మూడువందలకు పైబడినవి. సినిమాలో మాట తప్పినచో మరల చిత్రింపవచ్చును. రంగస్థలమున ఆ వీలు లేదు. చివరి వరుసలోని ప్రేక్షకునికి సైతము ప్రతి పలుకు స్పష్టముగా వినబడవలెను. పరభాషలో ఇట్లు నిలుచుట ఎంత సాధనకు ఫలమో విద్యార్థులు యోచింపుడు.

ఆ సాధన ఫలము చిత్రములందు కనబడును. 1967లో 'భామావిజయము'న నవ్వించిరి. 1968లో 'ఎదిర్ నీచ్చల్'లో పట్టుమామియై తమిళ బ్రాహ్మణ గృహముల పలుకుబడిని అచ్చముగా పలికిరి. 1969లో 'ఇరు కోడుగళ్'లో జిల్లా కలెక్టరుగా గాంభీర్యము చూపిరి. 2022లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినది ఒకటి గలదు. తమిళము నేర్చుటకై జానకిగారు తెలుగును విడువలేదు. తెలుగును స్పష్టముగా పలుకుట నేర్చిన నాలుకయే తమిళమునకును లొంగినది. ఒక భాషలో అక్షరమును శ్రద్ధగా పలుకువాడు రెండవ భాషలోను అట్లే పలుకును. ఒకదానిని నిర్లక్ష్యము చేయువానికి రెండవదియు చిక్కదు.

కావున విద్యార్థులారా, దినమునకొక పుటయైనను తెలుగును బిగ్గరగా చదువుడు. వార్షికోత్సవ నాటకమున చిన్న వేషము లభించినను వెనుదీయకుడు. తల్లిదండ్రులకు మా విన్నపము: తమిళము బాగుగా రావలెనని పిల్లలను తెలుగు మానుమనవలదు. ఇంట పలుకు తెలుగు వారికి అడ్డుగోడ కాదు, తొలిమెట్టు.