పాత ఈ-మెయిళ్లు: దాచడం, వెదకడం

మీరు జంషెడ్‌పూర్‌లో ఉంటున్నారనుకొనండి. శ్రీకాకుళం నుంచి మీ అన్నయ్య ఇంటి దస్తావేజును ఫోటో తీసి ఈ-మెయిలులో పంపాడు. అయిదేళ్ల తరువాత అది అవసరమైంది. ఎక్కడ వెదుకుతారు?

జీమెయిలు ఉత్తరాలు గూగుల్ సంస్థ సర్వరులో ఉంటాయి. 2023లో వచ్చిన నియమం ప్రకారం, రెండేళ్లు వాడని ఖాతాను ఆ సంస్థ తొలగించవచ్చు. కాబట్టి ఒక ప్రతి మీ ఇంట్లోనూ ఉండాలి.

థండర్‌బర్డ్ అనే ఉచిత ప్రోగ్రాం ఉత్తరాలను మీ కంప్యూటరులోకి తెస్తుంది. ముఖ్యమైనవాటిని అందులోని 'లోకల్ ఫోల్డర్స్'లోకి కాపీ చేయండి. అప్పుడు సర్వరులో చెరిగినా మీ ప్రతి మిగులుతుంది. కంప్యూటరే చెడిపోవచ్చు కనుక, పెన్‌డ్రైవులో మరొక ప్రతి ఉంచండి.

పుస్తకం చివరి పదసూచిక వంటిదే ఈ ప్రోగ్రాం కూడా తయారుచేసుకొంటుంది. అందుకే వేల ఉత్తరాలలోనూ వెదకడం త్వరగా ముగుస్తుంది. అయితే ఫోటోలోని అక్షరాలు ఆ సూచికలో చేరవు. అన్నయ్య ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాసి ఉంటే, తెలుగు లిపిలో వెదికినా దొరకదు. అప్పుడు పంపినవారి పేరుతో వెదకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: దస్తావేజు ఫోటోతో పాటు ఉత్తరంలో రెండు మాటలు రాయమని అన్నయ్యను ఎందుకు కోరాలి?