సిల్తారా నుండి శబరి వరకు

రాయపూరు నగరమునకు ఉత్తరమున, కొద్ది కిలోమీటర్ల దూరములో సిల్తారా యున్నది. యాత్రికులు పేరు విని వెదకి వచ్చు చోటు కాదది. అక్కడ నున్నవి ఇనుప కర్మాగారములు. ఇనుప రాతిని బొగ్గుతో చేర్చి, మెల్లగా తిరుగు పొడవైన కొలిమిలో వేడిచేసి, రాయి కరగకుండగనే అందలి ప్రాణవాయువును తొలగింతురు. మిగిలిన లోహము సన్నని రంధ్రములతో నిండియుండును గనుక దానికి స్పాంజి ఇనుమని పేరు వచ్చినది. ఆకాశమున పొగ, బాటపై లారీల వరుస, చెట్ల ఆకులపై ధూళి — ఇదియే మొదటి దృశ్యము.

అయినను బస్తరు అడవులను చూడబోవు తెలుగు రచయిత తన యాత్రను ఇక్కడనుండి ఆరంభించుట మేలు. అందుకు కారణములు రెండు. సిల్తారా మీదుగా పోవు 30వ జాతీయ రహదారియే రాయపూరు, జగదల్‌పూరు, కోంటా, భద్రాచలములను దాటి విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నమున ముగియుచున్నది. తెలుగు దేశమునకు పోవు బాట అది. రెండవది, బస్తరు పేరు చెప్పగానే బయటివారికి ముందు స్ఫురించునది భూమిలోని ఖనిజమే. బైలాడిలా కొండల ఇనుప రాతికొరకు 1960 దశకమున కొత్తవలస నుండి కిరందూల్ వరకు రైలుమార్గము వేసిరి. ఆ రాయి తూర్పు కనుమలు దిగి, విశాఖపట్టణమున ఓడలకెక్కి, జపానునకు పోయెను. ఆ దేశపు ఇనుము అందరికిని తెలిసినది. ఆ దేశపు మనిషి అంత సులభముగా తెలియడు. అతనిని తెలిసికొనుటకు మార్గదర్శి కావలెను.

మార్గదర్శి యనగా జలపాతముల ఎత్తు అప్పగించువాడు కాదు. బస్తరులో భిన్న జాతుల వారు ఒకరితో ఒకరు మాటాడుకొను ఉమ్మడి భాష హల్బీ. అది ఆర్యభాషా కుటుంబమునకు చెందినది. ఇండ్లలో వినబడు గోండి, ధుర్వాలు మాటాడు పర్జి, ద్రావిడ భాషలు. గోండి సంఖ్యలలో రండ్, మూండ్, నాలుంగ్ అని వినగానే తెలుగు చెవి నిక్కించుకొనును. కాని పరిచయమైన ధ్వని వినబడుట వేరు, మాట అర్థమగుట వేరు. ఈ రెంటికిని నడుమనున్న దూరము నెరిగినవాడే మంచి మార్గదర్శి. అతడు ఆ ఊరివాడై యుండుట మరింత మేలు. ఏ ముంగిట నిలువవచ్చునో, ఏ చెట్టుక్రింద చెప్పులు విడువవలెనో, ఏ వేళ ఛాయాచిత్రము తీయరాదో గ్రంథములు చెప్పవు. మురియా యువతీయువకుల ఘోటుల్‌పై వెరియర్ ఎల్విన్ 1947లో గొప్ప గ్రంథము ప్రకటించెను. తరువాత వచ్చినవారు పెక్కురు అందలి శాస్త్రమును విడిచి వింతను మాత్రమే వెదకిరి. ఆ చూపుతో పోవువానికి ఈ బాట ఏమియు చెప్పదు.

రాయపూరు దాటిన పిదప యాత్రికుడు కొంత ప్రక్కకు తొలగి రాజిమ్ చూడవలెను. అక్కడ మహానది, పైరి, సోంఢూరు నదులు కలియును. రాజీవలోచనుని ప్రాచీనాలయము ఆ సంగమముననే కలదు. దానికి చేరువనే చంపారణ్యము. కాశిలో నుండజాలక తరలివచ్చుచున్న లక్ష్మణ భట్టు, ఇల్లమ్మగారు అను ఆంధ్ర దంపతులకు 1479లో ఇక్కడ వల్లభాచార్యులు జనించిరని సంప్రదాయము. నెలలు నిండక పుట్టిన శిశువు మరణించినాడని తలచి తల్లిదండ్రులు జమ్మిచెట్టు మొదట నుంచి పోయిరట. మరల వచ్చి చూడగా చుట్టును అగ్నివలయము కావలియుండగా బిడ్డ ఆడుకొనుచుండెనట. ఆ శిశువు పెరిగి స్థాపించిన పుష్టిమార్గము గుజరాతున, రాజస్థానమున, వ్రజభూమిలో వ్యాపించినది. నేడు చంపారణ్యమున తెలుగు వినబడుట అరుదు. బీజము తెలుగుది, చెట్టు వేరొక నేలది. తెలుగు యాత్రికునకు ఈ బాటలో లభించు మొదటి పాఠము ఇదియే.

ధంతరి, కాంకేర్ దాటిన పిమ్మట కేశ్కాల్ ఘాటు వచ్చును. బాట మెలికలు తిరుగుచు కొండ నెక్కును. ఈ కనుమకు ఉత్తరమున కురిసిన వాన మహానదిని, దక్షిణమున కురిసిన వాన గోదావరిని చేరును. ఘాటెక్కిన యాత్రికుడు తనకు తెలియకయే గోదావరి పరీవాహమున అడుగిడును.

ఘాటుపైనున్న కొండగావ్‌లో రెండు కళలను తీరికగా చూడవలెను. మొదటిది గఢ్వాల లోహశిల్పము. మట్టితో బొమ్మ లోపలి రూపమును చేసి, దానిపై మైనపు దారములను చుట్టి నగలు, కన్నులు, కేశములు తీర్తురు. పైన మరల మట్టి మెత్తి కాల్చగా మైనము కరగి పోవును. ఆ ఖాళీలో కరగిన ఇత్తడిని పోయుదురు. చల్లారిన తరువాత మట్టిని పగులగొట్టిన గాని బొమ్మ బయటికి రాదు. కనుక ఒక అచ్చు ఒక్క బొమ్మకే. రెండు బొమ్మలు సరిగా ఒక్క తీరున నుండవు.

రెండవది లఛ్మీ జగార్ అను హల్బీ మౌఖిక కావ్యము. ఇందు లక్ష్మియనగా వరి. ఆమె పుట్టుక, నారాయణునితో వివాహము కథావస్తువు. దీనిని గురుమాయిలను స్త్రీలు దినముల తరబడి పాడుదురు. వాద్యము ధన్‌కుల్: కుండపై చేట, చేటపై విల్లు, గంట్లు పెట్టిన వింటి బద్దను వెదురు పుల్లతో గీయగా కుండ మ్రోగును. కుండ, చేట, విల్లు — వంటయిల్లు, కళ్ళము, అడవి మూడును ఒక్క వాద్యమున చేరినవి. కొండగావ్‌వాసియగు హరిహర వైష్ణవ్ 2021లో మరణించువరకు ఇట్టి కావ్యములను సేకరించి ప్రకటించెను. జగదల్‌పూరునందు లాలా జగదల్‌పురి (1920-2013) హిందీలోను, హల్బీ, భత్రీ భాషలలోను రచించి బస్తరు చరిత్రను గ్రంథస్థము చేసెను. రచయితలగు యాత్రికులకు ఈ ఇరువురి కృషియు మార్గదర్శులతో సమానము.

జగదల్‌పూరు బస్తరు సంస్థానపు రాజధాని. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన పిదప ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇక్కడ రాజ్యము నెలకొల్పెనని రాజవంశపు కథ. దంతెవాడలో దిక్పాలదేవుడు 1703లో వేయించిన శాసనము ఈ వంశావళినే చెప్పుచున్నది. కాని ఆ శాసనము ఓరుగల్లు పతనమునకు 380 ఏండ్ల తరువాతిది. దానిని వేయించినవారు ఆ వంశమువారే. కనుక చరిత్రకారుడు దీనిని వంశము తన్ను గూర్చి నమ్మిన కథగా గ్రహించి, తక్కిన ఆధారములతో తూచి చూడవలెను. మార్గదర్శి చెప్పు కథకును శాసనము చెప్పు మాటకును గల ఈ భేదమును యాత్రికుడు మనసున నుంచుకొనవలెను. రెండును విలువైనవే, విలువలు వేరు.

ఆ కథకన్న బలమైన సాక్ష్యము బస్తరు దసరా. ఇది మనకు ఆషాఢ బహుళ అమావాస్యనాడు మ్రానుపూజతో మొదలై 75 దినములు జరుగును. ఇందు రావణ దహనము లేదు. పండుగ దంతేశ్వరీ దేవిది. మహాలయ అమావాస్యనాడు కాఛిన్ గాది యను వేడుక జరుగును. మిర్గాన్ కులమునకు చెందిన బాలికపై కాఛిన్ దేవి ఆవహించునని నమ్మకము. ఆమెను ముండ్ల ఊయలపై పరుండబెట్టుదురు. రాజు ఆమె ముందు నిలిచి పండుగ జరుపుటకు అనుమతి వేడవలెను. ఆమె అనుగ్రహించిన గాని దసరా సాగదు. హల్బా యువకుడొకడు తొమ్మిది దినములు గోతిలో కదలక కూర్చుండి పండుగ నిర్విఘ్నముగా జరుగుటకు తపస్సు చేయును. విజయదశమినాటి రాత్రి మారియాలు, మురియాలు రథమును కుమ్హడాకోట్ వనమునకు లాగుకొని పోవుదురు. మరునాడు రాజు అక్కడకు పోయి, వారితో కలిసి కొత్త బియ్యపు అన్నము తిని, రథమును మరల తెచ్చుకొనవలెను.

ఈ ఆచారముల అర్థము స్పష్టము. బయటినుండి వచ్చిన రాజు ఈ నేలపై తన అధికారము సహజమని చెప్పుకొనజాలడు. ఏటేట అడిగి పొందవలెను, కలిసి భుజింపవలెను. 1876లో మురియాలు తిరుగబడిన యేడే మురియా దర్బారు మొదలైనది. ప్రజల మొరలను బహిరంగముగా వినుట దాని పని; దసరా చివర అది నేటికిని జరుగుచున్నది. సంస్థానము 1948లో భారత దేశమున విలీనమైనది. చివరి పాలకుడు ప్రవీరచంద్ర భంజ్ దేవ్ 1966 మార్చి 25న తన రాజభవనముననే పోలీసు కాల్పులలో మరణించెను. రాజ్యము పోయినను అనుమతి వేడు ఆచారము నిలిచినది.

ప్రకృతియు ఇచ్చట ఇదే తీరున కలయికను చూపును. ఒడిశాలోని కలహండిలో పుట్టిన ఇంద్రావతి, జగదల్‌పూరునకు పడమట చిత్రకోట్ వద్ద గుర్రపులాడము ఆకారమున దుముకును. వానకాలమున ఎర్రని నీరు గట్టునుండి గట్టువరకు ఒక్క తెరయై పడును. వేసవిలో తెర చీలి ధారలగును. జగదల్‌పూరునకు దక్షిణమున 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయవనము సుమారు 200 చదరపు కిలోమీటర్లు. ఉత్తరపు సాలవనమును దక్షిణపు టేకువనమును ఇచ్చట కలిసికొనును. మనిషి గొంతును అనుకరింపగల కొండగోరింక ఇచ్చటి పక్షి. ఛత్తీస్‌గఢ్ దానిని రాష్ట్రపక్షిగా స్వీకరించినది. ఇక్కడి ధుర్వాలలో చెట్టు చెట్టునకు పేరు, వాడుక, కథ ఎరిగినవారు కలరు. అట్టివానిని వెంట గొనిపోయిన యాత్రికునకు అడవి పచ్చని గోడవలె గాక గ్రంథమువలె కనబడును.

ఆ వనములోనే కుటుమ్‌సర్ గుహ. వాననీరు గాలిలోను నేలలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్పముగా ఆమ్లమగును. అది సున్నపురాతిని యుగముల తరబడి తినివేసి గుహను తొలచినది. పైనుండి జారు ప్రతి బొట్టును రవంత సున్నమును విడిచిపోవుటచే కప్పునుండి రాతి ఊడలు దిగినవి, నేలనుండి స్తంభములు లేచినవి. వెలుగు సోకని నీటిలో వసించుటచే కన్నులు క్షీణించిన చేపలు అందు కలవు. వానకాలమున గుహలో నీరు నిండును గనుక ప్రవేశము లేదు. చిత్రకోట్ వైభవము వానలలో, దసరా శరత్తులో, గుహ శీతకాలమున — కనుక అన్నిటిని ఒక్క యాత్రలో చూడబూనుట కంటె, ఏది ప్రధానమో నిర్ణయించుకొని కాలమును ఎన్నుకొనుట యుక్తము.

జగదల్‌పూరునకు పడమట, ఇంద్రావతి చేరువనున్న బార్సూరు ఛిందక నాగుల నాటి పట్టణము. ముప్పదిరెండు స్తంభముల జంట శివాలయము, ఏకశిలా గణపతులు నేటికిని నిలిచియున్నవి. తెలుగు రచయితకు ఇంతకంటె ముఖ్యమైనది ఒకటి కలదు. ఇక్కడ దొరికిన నాగుల శాసనములలో తెలుగు శాసనములు ఉన్నవి. వానిలో ఒకటి 1060 ప్రాంతపుది. రాజమహేంద్రవరమున నన్నయ భారతము రచించిన కాలమది. అన్నమదేవుని కథకు రెండున్నర శతాబ్దములకు ముందే ఈ అడవి నడుమ తెలుగు రాతిపై నిలిచినది. కాని నాగరాజులు తెలుగువారని దీనినిబట్టి చెప్పరాదు. తెలుగు అప్పటికే పలు జాతులవారు తమ ధర్మకార్యములను లిఖింపదగిన భాషగా ఎంచిరని మాత్రము చెప్పవచ్చును. భాషకు అది తక్కువ గౌరవము కాదు.

దంతెవాడలో శంఖిని, డంకిని నదుల సంగమమున దంతేశ్వరి ఆలయము కలదు. దేవి అన్నమదేవుని వెనుక నడచి వచ్చుచుండెనట. వెనుదిరిగి చూడరాదని నియమము. నది యిసుకలో అందెల రవళి వినబడకపోగా అతడు వెనుదిరిగెను; ఆమె అక్కడనే నిలిచిపోయెను. వలసవచ్చిన దేవత ఆ నేల దేవతయైన వృత్తాంతమును జనులు ఇట్లు చెప్పుకొనిరి.

జగదల్‌పూరునకు మరలి వచ్చి దక్షిణముగా సుక్మా మీదుగా కోంటా చేరునప్పటికి ఊరి పేర్లలోను, సంతలోని మాటలలోను తెలుగు చిక్కబడును. ప్రక్కనే శబరి. ఆ నది దిగువన కూనవరము వద్ద గోదావరిలో కలియును. ఈ దారి దశాబ్దములపాటు మావోయిస్టులకును ప్రభుత్వ బలగములకును నడుమ జరిగిన హింసను చూచినది. 2005 తరువాత, సల్వా జుడుం కాలమున, వేలాది ఆదివాసులు ఊళ్ళు విడిచి ఈ దిక్కుననే నడచి భద్రాచల ప్రాంతపు అడవులలో ఆశ్రయము వెదకిరి. తెలుగువారు వారిని గుత్తికోయలని పిలుచుచున్నారు. గుడిసెకు చోటు, సాగుకు భూమి, బిడ్డకు బడి — ప్రతిదానికిని వారు అనుమతి వేడవలసి వచ్చినది.

ఓరుగల్లు కూలిన నాడు గోదావరికి ఇవతలినుండి ఒకడు అవతలికి పోయెనని కథ. ఏడు శతాబ్దముల తరువాత అవతలినుండి వేలమంది ఇవతలికి వచ్చిరనుట చరిత్ర. మొదటివానికి అక్కడి ప్రజలు అనుమతి నిచ్చిరి, దానిని ఏటేట పండుగగా జరుపుచున్నారు. రెండవవారికి ఇవతలివారు ఏమి ఇచ్చిరని బస్తరు మార్గదర్శి అడిగిన అడుగవచ్చును. బార్సూరు శాసనమును, దసరా రథమును చూచి మురిసిన తెలుగు రచయిత ఆ ప్రశ్నను కూడ వెంటబెట్టుకొని శబరిని దాటవలెను. శబరి కావల అతనికి మార్గదర్శి అక్కరలేదు. కాని ఆ అడవి గుడిసెలలోని వారికి తెలుగు నేలపై మార్గదర్శి కావలసి యున్నది.