కర్పూరము తరుగుట – ద్రవ్యముల అవస్థాభేదము

ఆలయ భాండారములో తూచి ఉంచిన కర్పూరము మాసాంతమునకు తరిగినదని పరిచారకుని అనుమానించుట మేము పలుతావుల చూచితిమి. తూనిక తగ్గుట నిజమే. కాని అందులకు చౌర్యమే కారణము కానక్కరలేదు. ద్రవ్యధర్మము తెలియనిచో నిరపరాధి నిందల పాలగును గనుక కొంత వివరింతుము.

నేతిని చూడుడు. ధనుర్మాసమున పేరుకొని గరిటెకు లొంగదు. హోమగుండము చెంత నుంచినచో కరగి స్రువము నుండి ధారగా జారును. నేయి మారలేదు, దాని అవస్థ మారినది. ఘనములో అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని యుండును. వేడిమి సోకిన కొలది వాని కదలిక హెచ్చి, పట్టు సడలి ద్రవమగును. పట్టు పూర్తిగా విడిపోయినచో వాయువగును.

అన్నంభట్టు తన తర్కసంగ్రహములో ద్రవత్వమును రెండు విధములుగా విభజించెను. జలమునకు అది సహజము. నేతికిని బంగారమునకును అగ్నిసంయోగముచే కలుగునది. పాఠశాలలో మేము వల్లించినదియు ఇదే. నేటి భౌతికశాస్త్రము ఈ భేదమును ఒప్పదు. జలము సైతము 0 డిగ్రీల సెల్సియస్‌కు దిగినచో గడ్డకట్టును. కావున దాని ద్రవత్వమునకును వేడిమియే నిమిత్తము. సమస్తము మన గ్రంథములలోనే కలదని వాదించుటకంటె, ఇచ్చట నేటివారి మాట సరియని అంగీకరించుటయే తార్కికునకు ఉచితము. అయినను, జలము గడ్డకట్టుటకును కరగుటకును తేజస్సంయోగమే కారణమని కణాదుడు సూత్రించియున్నాడు. అదియు మరువరాదు.

వేడిమితోపాటు గాలి ఒత్తిడియు లెక్కకు వచ్చును. సుమారు 3,100 మీటర్ల ఎత్తున నున్న బదరీనాథములో ఒత్తిడి తక్కువ గనుక నీరు 90 డిగ్రీల ప్రాంతముననే మరగును. అన్నము ఉడుకుట ఆలస్యమైనచో యాత్రికులు బియ్యమును నిందింతురు!

ఇక కర్పూరము. ఇది కరగుటకు సుమారు 176 డిగ్రీలు కావలెను. కాని దీని అణువుల పరస్పరబంధము బలహీనమగుటచే, గదిలోని సాధారణ వేడిమికే, ద్రవము కాకయే, ఘనము నుండి నేరుగా ఆవిరియై పోవును. దీనినే ఉత్పతనమందురు. డబ్బా తెరువగనే సోకు పరిమళము ఆ ఆవిరియే. మూత లోపల అంటియుండు తెల్లని పలుకులు ఆ ఆవిరి తిరిగి ఘనీభవించుటచే ఏర్పడినవి. హారతిలో జ్వలించునదియు ప్రధానముగా ఆ ఆవిరియే. కర్పూరము ఏమియు మిగులక లయించునని ఉపన్యాసకులు చెప్పుదురు గాని, పళ్లెమునకు పట్టిన మసిని తోము వారికి ఆ సంగతి బాగుగా తెలియును.

కావున కర్పూరమును బిగువైన మూతగల సీసాలో, పొయ్యికిని ఎండకును దూరముగా ఉంచవలెను. మిరియములు వేయుట పెద్దల వాడుక. మూత వదులైనచో అవి యున్నను తరుగుట ఆగదు. అనుమానము కలిగినచో, పరిచారకుని ఎదుటనే కొంత కర్పూరమును తూచి, తేదీ వ్రాసి, వదులు మూతగల డబ్బాలో పెట్టి బీరువాకు తాళము వేయుడు. పది దినముల పిదప అందరి ఎదుట మరల తూచుడు.