ఒకే కొలత, వేరు వేరు వెలలు

"నేర్చుకుంటే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మీదనే నేర్చుకుంటాను" అని మీ అబ్బాయి పట్టుబట్టాడా? అప్పు చేయకముందు ఈ సంగతి ఆలోచించండి.

కాలిఫోర్నియాలో లియో ఫెండర్ కంపెనీ 1954లో ఈ గిటారును తెచ్చింది. 1982 నుండి అదే కంపెనీ, స్క్వయర్ అనే పేరుతో తక్కువ వెల గిటార్లు కూడా అమ్ముతున్నది. వాటిలో ఎఫినిటీ స్ట్రాటోకాస్టర్ ఒకటి.

రెంటిలోనూ ఆరు తీగలే, మూడు పికప్‌లే. మ్రోగే తీగ పొడవు రెంటిలోనూ 25.5 అంగుళాలే. గనుక దీనిపై అలవాటుపడిన వేళ్లు దానిపై తడబడవు.

మరి తేడా ఎక్కడ? ఎఫినిటీకి పాప్లర్ చెక్క, సిరామిక్ అయస్కాంతాల పికప్‌లు. అమెరికాలో చేసినవాటికి ఎక్కువగా ఆల్డర్ చెక్క, ఆల్నికో అయస్కాంతాలు. వాటి బిరడాలు మేలైనవి, మెట్ల అంచులు నునుపైనవి. పనివారి కూలి కూడా అక్కడ ఎక్కువ. అందుకే వెల పలు రెట్లు పెరుగుతుంది.

అయితే ఒక మాట మరువకండి. తీగలు మరీ ఎత్తుగా ఉంటే వేళ్లు నొస్తాయి, శ్రుతి కుదరదు. "నాకు రాదు" అని పిల్లవాడు గిటారును మూలన పెడతాడు. తప్పు వానిది కాదు, సరిచేయని తీగలది!

గనుక మొదట తక్కువ వెలది కొనండి. తెలిసినవారిచేత తీగల ఎత్తు, మెడ వంపు సరిచేయించండి. చిన్న యాంప్లిఫయరుకు కొంత డబ్బు మిగుల్చుకోండి. స్వరములోని తేడాను అతని చెవి గుర్తుపట్టిన రోజున పెద్దదాని సంగతి చూడవచ్చును.