చిక్కడపల్లిలో శరత్తు పసుపుపచ్చన

అక్టోబరు వస్తే చాలు, నగరంలోని గృహాలంకరణ దుకాణాల్లో ప్లాస్టిక్ మేపుల్ ఆకుల తోరణాలు వేలాడతాయి. శరత్తు అంటే ఆకు రాలే కాలమని అమెరికా లెక్క. మన లెక్కలో ఆకు రాలేది శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజ కార్తీకాలు మనకు పూలు విరగబూసే రోజులు. అద్దాల షాపు వదిలి నారాయణగూడ మార్కెట్ దారి పట్టండి, మన శరత్తు పేవ్‌మెంటు మీద రాసులుగా కనిపిస్తుంది.

మేపుల్ ఆకులోని పసుపు చలికి కొత్తగా పుట్టేది కాదు. పత్రహరితం విరిగిపోయాక, మొదట్నుంచీ లోపల దాగున్న రంగే బయటపడుతుంది. ఎరుపు మాత్రం చాలావరకు అప్పటికప్పుడు తయారవుతుంది. ఎర్రబడిన ఆకు చూడటానికి వీసా ఎందుకు? వీధిలోని బాదం చెట్టు ఆకు కూడా రాలే ముందు ఎర్రబడుతుంది.

దసరాకు గుమ్మాలకూ, బండ్లకూ, మిషన్లకూ కట్టే బంతిపూల సొంతూరు మెక్సికో. ఐరోపావారి ఓడలెక్కి మన దేశం చేరాయి. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో పెద్దలను తలుచుకుంటూ ఇళ్ళల్లో పీఠాలు పేర్చి, వాటిని ఇవే పూలతో నింపుతారు. మనం దండలు తీసేసే వేళకు వాళ్ళు కట్టడం మొదలుపెడతారన్నమాట!

గుమ్మంలో గుమ్మడికాయ పెట్టడం అమెరికా ఫ్యాషన్. ఐర్లాండు వాళ్ళు మొదట టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు చేసేవాళ్ళు. అమెరికాకు వలస వెళ్ళాకే గుమ్మడి చేతికొచ్చింది. మన గుమ్మానికి దిష్టి కోసం కట్టేది బూడిద గుమ్మడి. అది ఆసియా కాయ, జాతే వేరు. మనం కాయను కట్టి ఊరుకోం, తాంబాళంలో గుమ్మడాకులు పరిచి వాటి మీదే బతుకమ్మను పేరుస్తాం.

ఇప్పుడు డిజైనర్లు 'లైమ్‌వాష్' గోడలంటూ మురిసిపోతున్నారు. అది మన సున్నమే. తడిగా ఉన్నప్పుడు పలచగా కనిపించి, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. వానలు వెనక్కి తగ్గాక, దసరాకు ముందు, కాస్త నీలిమందు కలిపి వేసేవాళ్ళం. అప్పుడు దానికి ఇంత ఖరీదు లేదు.

బొమ్మల కొలువు మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి: మూడు, అయిదు, ఏడు, తొమ్మిది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఇళ్ళల్లో కొందరు దాన్ని సంక్రాంతికి పెడతారు, మిగతావారికి నవరాత్రులే. కొలువులో కొండపల్లి, నిర్మల్ బొమ్మలు పక్కపక్కన కూర్చుంటే వాటి ఊళ్ళు వేరైనా చెక్క ఒకటే, తేలికైన పొనికి. ఏటికొప్పాకవి అంకుడు కర్రవి. తరిమెన మీద కర్ర గిర్రున తిరుగుతుంటే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగై పట్టుకుంటుంది. చేర్యాల బొమ్మల్లో రంపపు పొట్టు, చింతగింజల జిగురు ఉంటాయి. ఫైబర్ బొమ్మ ఎంత నున్నగా ఉన్నా, నా ఓటు చింతగింజకే.

ఇక అశోక్‌నగర్. గ్రూప్స్‌కి చదివే పిల్లల గదుల్లో అలంకరణంటే గోడ మీద దేశపటం, పైన అతికించిన పసుపు చీటీలు. అవీ శరత్తు రంగే! వాళ్ళకు నోటికి వచ్చిన జవాబు తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పం. పూవు బతుకమ్మకు పోతే, చెట్టు బెరడు తోళ్ళు ఊనడానికి పనికొచ్చేది. దసరా సాయంత్రం చేతిలో పెట్టే జమ్మి రాష్ట్ర వృక్షం.

అన్నింటికన్నా గట్టిది గునుగు. జొన్న చేలల్లో కలుపుగా మొలిచే మొక్క, రైతుకు పీకేయాల్సిన తలనొప్పి. బతుకమ్మ దగ్గరికొచ్చేసరికి రంగుల్లో మునిగి కట్టలుగా అమ్ముడవుతుంది. ఎండినా ఆకారం పోదు. ఈసారి నాలుగు కాడలు పక్కన పెట్టి, తలకిందులుగా నీడలో ఆరగట్టి, పాత ఇత్తడి చెంబులో పెట్టి చూడండి.