ఆప్తవాక్యము: ఆచార్య సచ్చిదానందమూర్తి

భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ప్రారంభించిరి. సోవియట్ దేశముతో 1955లో కుదిరిన ఒడంబడిక ఫలమది. నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున నున్న ఆ ఉక్కునగరమునకు బ్రతుకుతెరువుకై వెళ్లి స్థిరపడిన తెలుగువారు పెక్కురు. కరగిన యినుము చెంత పనిచేయువాడు ప్రతి విషయమును తానే పరీక్షించి చూడజాలడు. తోడివాని మాట నమ్మి అడుగు వేయును. ఆ మాట కల్లయైనచో ప్రాణమే పోవును.

పరుల మాట జ్ఞానమునకు ఆధారము కాగలదా? మన దర్శనములు దీనిని శబ్దప్రమాణ విచారమనినవి. ఆ మాట శ్రుతియే యైనపుడు మానవబుద్ధికి గల స్థానమేమి? ఆ 1959లోనే వెలువడిన ‘రెవెలేషన్ అండ్ రీజన్ ఇన్ అద్వైత వేదాంత’ అను ఆంగ్లగ్రంథమున ఆచార్య కొత్త సచ్చిదానందమూర్తిగారు విచారించిన సమస్య యిదియే. శ్రద్ధను గౌరవించుచునే తర్కముచే దానిని ప్రశ్నించుట ఆయన మార్గము.

మూర్తిగారు 1924లో గుంటూరు మండలమందలి సంగంజాగర్లమూడిలో జన్మించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రాచార్యులై, 1975లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. 1986 నుండి 1989 వరకు విశ్వవిద్యాలయ నిధుల సంఘమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1984లో పద్మభూషణ, 2001లో పద్మవిభూషణ బిరుదములు ఆయనను వరించినవి. 2011లో పరమపదించిరి. ఆయన విచారము గ్రంథములతోనే ఆగలేదు. ఏ. సి. బూకే అను పండితునితో కలిసి 1960లో శాంతిసమస్యలపై ఒక గ్రంథమును వెలువరించిరి. దేశములు ఒకదాని మాట నొకటి నమ్మనిచో శాంతి యెక్కడిది?

శబ్దప్రమాణమును గూర్చి న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు చెప్పినది ఇచట స్మరింపదగినది. విషయమును స్వయముగ నెరిగి, ఎరిగినది ఎరిగినట్లు తెలుపగోరువాడే ఆప్తుడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమే. కులమును దేశమును కాదు, ఎరుకయు నిజాయితీయునే మాటకు విలువ నిచ్చును. రష్యను ఇంజనీరు, తెలుగు కార్మికుడు, ఛత్తీస్‌గఢీ కూలి ఒక్క కొలిమి చెంత నిలువగలిగినది ఈ న్యాయము చేతనే.

రచయితలమైన మనకును ఇది వర్తించును. పాఠకుడు మన మాటను అరువుగా గొనుచున్నాడు. ఎరుగనిది వ్రాసిననాడు, ఎరిగినది దాచిననాడు, ఆ ఋణమును మనము ఎగవేసినట్లే.