అడ్డుగా నిలిచే వరుస: కాపెల్ ఆటగాడు సాలమన్ థామస్

టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ నగరానికి వాయవ్యంగా, పెద్ద విమానాశ్రయం పక్కన, కాపెల్ అనే ఊరు ఉన్నది. ఈనాడు అక్కడ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారు మన తాతముత్తాతల వలె గిరిమిట్ మీద ఓడ ఎక్కినవారు కారు, చదువులతో వెళ్లినవారు. ఆ ఊరి హైస్కూలులో చదివిన సాలమన్ థామస్ అనే ఆటగాని గురించి మన చదువరులకు చెప్పదలచాను. ఇతడు తెలుగువాడు కాడు. అయినా ఇతని పని మనకు సంబంధించినదే.

అమెరికా ఫుట్‌బాల్ మనకు తెలిసిన రగ్బీకి దాయాది వంటి ఆట. 2017లో వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు థామస్ దేశం మొత్తం మీద మూడవవాడుగా శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకు ఎంపికయ్యాడు. 2018 జనవరిలో అతని అక్క ఎల్లా, 24 ఏళ్ల పిల్ల, ఆత్మహత్య చేసుకున్నది.

అతడు దుఃఖాన్ని లోపలే అణచుకొని ఆడబోయి తానే కుంగిపోయాడు. జట్టు జనరల్ మేనేజరు జాన్ లించ్ చెప్పగా మానసిక వైద్య సహాయం తీసుకున్నాడు. ఆ సంగతి దాచకుండా పదిమందిలో చెప్పాడు. అంతటి బలశాలి “నాకు సహాయం కావలసి వచ్చింది” అనటం మగపిల్లలకు ఎంత ధైర్యమో బడిలో పనిచేసేవారికి తెలుసు.

తరువాత తల్లిదండ్రులతో కలిసి ‘ది డిఫెన్సివ్ లైన్’ అనే సంస్థ పెట్టాడు. ఎదుటి జట్టును అడ్డుకునే మొదటి వరుసకు ఆటలో అదే పేరు. థామస్ ఆడేదీ అక్కడే. పిల్లలకు ఆ వరుస ఎవరు? రోజూ వాళ్లను చూసే ఉపాధ్యాయులు, ఆట నేర్పేవారు. ఈ సంస్థ వారికి శిక్షణ ఇస్తుంది. తెల్లవారు కాని పిల్లలపై దానికి ప్రత్యేక శ్రద్ధ.

ఇష్టమైన ఆట మానివేయటం, స్నేహితులకు దూరం కావటం, తన వస్తువులు పంచిపెట్టటం, “నేను లేకపోతే మీకు హాయి” అనటం: ఇవి నిపుణులు చెప్పే గుర్తులు. అప్పుడు ఏం చేయాలి? “చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?” అని నేరుగా, మెత్తగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం. పుట్టదని పరిశోధనలు తేల్చాయి. పిల్లవాడు అవునంటే ఒంటరిగా వదలకుండా వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

నేటాల్ చెరకు తోటలకు 1860 నుండి 1911 వరకు మనవారిని తెచ్చారు. గిరిమిట్ కూలీలలో ఆత్మహత్యలు ఎందుకు ఇన్ని అని గాంధీగారి ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక ఆనాడే అడిగింది. మన ఇళ్లలో మాత్రం “గుండె ఆగిపోయింది” అని చెప్పి ఊరుకునేవారు. ఫోటో గోడ మీద ఉండేది, పేరు ఎవరూ ఎత్తేవారు కాదు.

అమెరికాలో 2022 నుండి 988 అనే మూడంకెల నంబరుకు ఎవరైనా ఫోను చేయవచ్చు. మన దక్షిణాఫ్రికాలో 0800 567 567 ఉన్నది. మా తెలుగు తరగతి గోడ మీద, అక్షరమాల పక్కన, ఆ నంబరు కూడా అంటించాము.